పాత పికప్ ఎత్తు దించుకోవడం ఎలా: కమాను కట్టల నుంచి మొదలుపెట్టండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మిగిలిన పాత జీపు పికప్‌లను పక్కనుంచి చూడండి. చాలావాటికి వెనక భాగం పైకి లేచి ఉంటుంది. కంపెనీ వాటిని అలా పంపలేదు. ఒక యజమాని వడ్ల బస్తాల కోసం వెనక కమాను కట్టలో, అంటే ఉక్కు పట్టీలు ఒకదానిమీద ఒకటి పేర్చిన స్ప్రింగులో, ఒక పట్టీ ఎక్కువ వేయించాడు. అతని దగ్గర కొన్నవాడు రొయ్యల మేత కోసం ఇంకొకటి వేయించాడు. చీమకుర్తి వైపు తిరిగిన బండి అయితే గ్రానైట్ పలకల కోసం, కట్ట కొసను చాసిస్‌కు తగిలించే షాకిళ్లు కూడా పొడుగు చేయించుకుంది. ఇప్పుడు ఆ బరువులు కొత్త మినీ ట్రక్కులు మోస్తున్నాయి. పాత బండి మీ చేతికి వచ్చింది. రంగు వేయించారు, సీట్లు కుట్టించారు. ఖాళీ బండి మాత్రం ప్రతి గుంతకూ ఎగిరి పడుతోంది.

దాన్ని దించడమంటే ఏదో కొత్త సామాను కొని బిగించడం అనుకుంటారు. నా లెక్కలో మొదటి పని అది కాదు, కంపెనీ తర్వాత ఎవరెవరో ఎక్కించినవన్నీ తీసేయడం. సగానికి పైగా బళ్లకు అక్కడితోనే సరిపోతుంది. ఇంకా కావాలంటే కంపెనీ ఎత్తుకన్నా వెనక రెండు అంగుళాలు, ముందు అంగుళంన్నర వరకు పోవచ్చు. అంతకు మించి దించిన బండి మన ఊళ్లలో ఇంటిముందు నిలబెట్టుకోవడానికే పనికొస్తుంది. స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రాసింది కానీ, ఊరి పెద్దమనుషులు రాత్రికి రాత్రి పోయించిన సిమెంటు దిమ్మకు ఆ సంగతి తెలియదు.

ఇక్కడ చెప్పేది నాలుగు చక్రాలకూ కమాను కట్టలు, ముందూ వెనకా సాలిడ్ యాక్సిళ్లు (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్న బండి గురించి. ముందువైపు కట్టలకు బదులు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఉన్న పికప్‌ల మాట మధ్యలో ఒకచోట వస్తుంది.

కాగితాల సంగతి ముందే చూసుకోండి

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని చేర్చారు. అదనపు పట్టీలు తీసి బండిని కంపెనీ ఎత్తుకు తెచ్చుకుంటే ఈ పేచీ ఉండదు. అంతకన్నా కిందికి పోవాలనుకుంటే ముందుగా రవాణా కార్యాలయంలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ను అడిగి ముందుకు వెళ్లండి. చాసిస్ కోయడం, కొత్త బ్రాకెట్లు వెల్డింగ్ చేయించడం లాంటి ఆలోచనలు ఉంటే ఇక్కడే వదిలేయండి.

బండికి 50 ఏళ్లు దాటితే ఇంకో కారణం కూడా ఉంది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధన ప్రకారం, బండి అసలు రూపంలోనే ఉండాలి, చాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో చెప్పుకోదగ్గ మార్పులు ఉండకూడదు. ఆ రిజిస్ట్రేషన్ మీద ఆశ ఉన్నవాళ్లు కంపెనీ ఎత్తు దగ్గరే ఆగిపోవడం మేలు.

కొలతలు

చదునైన నేల కావాలి. ఇంటిముందు వీధి పనికిరాదు, అది ఒకవైపు కాలువకు వాలి ఉంటుంది. పరిచయం ఉన్న రైస్ మిల్లులో వడ్లు ఆరబెట్టే సిమెంటు చప్టా అన్నిటికన్నా మంచిది. అది దొరక్కపోతే పెట్రోలు బంకు నేల. నాలుగు టైర్లలో గాలి సరిచేసి, వెనక తొట్టిలో ఉన్న తాళ్లూ గునపాలూ దించేసి, బండిని ఒకసారి ముందుకూ వెనక్కూ కదిపి నిలపండి.

చక్రం నడిమధ్య నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు వరకు నాలుగు మూలలా కొలిచి రాసుకోండి. నేల నుంచి మడ్‌గార్డుకు కొలిస్తే టైరు అరుగుదల కూడా లెక్కలోకి వచ్చి మోసపోతారు. యాక్సిల్‌కూ, దానిపైన చాసిస్‌కు ఉన్న రబ్బరు బంప్ స్టాపర్‌కూ మధ్య ఖాళీ కొలవండి. షాక్ అబ్జార్బర్ కడ్డీ ఎంత బయటికి కనిపిస్తోందో చూడండి. ఫోనులో వాలు చూపే యాప్ ఉంటుంది. దాన్ని డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే గేర్ల పెట్టె) ముందున్న చదును భాగానికి ఆనించి కోణం రాసుకోండి. డిఫరెన్షియల్‌ను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు తర్వాత వణికితే ఈ అంకే దారి చూపిస్తుంది.

ఎడమకూ కుడికీ అర అంగుళం తేడా ఉంటే కంగారు పడవద్దు, పాత బండికి అది మామూలే. అంగుళం దాటితే ఒకవైపు కట్టలో పట్టీ విరిగి ఉండవచ్చు.

ఇప్పుడు కింద పడుకుని ఎత్తు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి. రెండువైపులా పట్టీలు లెక్కపెట్టండి. మందం వేరుగా, తుప్పు రంగు వేరుగా ఉన్న పట్టీ తర్వాత చేరిందే. షాకిల్ ప్లేటు చేత్తో కోసినట్టుంటే అది కంపెనీది కాదు. టైర్లు కూడా చూడండి. 6.00-16 ఉండాల్సిన చోట 7.00-16 వేసి ఉంటే, బండి అంగుళానికి కాస్త తక్కువగా అక్కడే పెరిగింది. సరైన టైర్లు వేస్తే పానా పట్టకుండానే ఆ ఎత్తు దిగుతుంది.

సముద్రం ఒడ్డున పనిచేసిన బండి అయితే ఇంకో పరీక్ష ఉంది. మైపాడు, రామాయపట్నం, కొత్తపట్నం వైపు చేపలూ రొయ్యలూ మోసిన బళ్లలో ఉప్పునీరు తొట్టిలోంచి కారి, షాకిల్ తగిలించే చోట చాసిస్‌ను లోపలి నుంచి తినేస్తుంది. చిన్న సుత్తితో తట్టుకుంటూ పొండి. ఖణేల్ మనకుండా మెత్తగా, చచ్చుగా పలికిన చోట గీత పెట్టుకోండి. అక్కడ ఇనుము పలచబడింది. దాన్ని సరిచేయించకుండా ఎత్తు జోలికి వెళ్లవద్దు.

కట్ట యాక్సిల్‌కు పైనుందా, కిందుందా?

మిగతా పనంతా ఈ ఒక్క ప్రశ్న మీద ఆధారపడుతుంది. విల్లీస్ అనే అమెరికా కంపెనీ నమూనాలో చేసిన పాత జీపుల్లో కట్ట యాక్సిల్‌కు కింద ఉంటుంది, యాక్సిల్ దానిమీద కూర్చుంటుంది. బరువులు మోయడానికే చేసిన చాలా పికప్‌లలో వెనక కట్ట యాక్సిల్‌కు పైన ఉంటుంది.

కట్ట కింద ఉన్న బండిలో యాక్సిల్‌కూ కట్టకూ మధ్య ఇనుప దిమ్మ పెడితే, కట్ట కిందికి జరుగుతుంది, దానితో చాసిస్ దిగుతుంది. కట్ట పైన ఉన్న బండిలో అదే దిమ్మ అదే చోట పెడితే బండి పైకి లేస్తుంది. దిమ్మ పెడితే దిగుతుందని ఎవరో చెప్పిన మాట విని, పని అయ్యాక బండి ఇంకా ఎత్తయిందని తల పట్టుకునేవాళ్లు ఇందువల్లే ఉన్నారు.

పట్టీ తీసినప్పుడూ ఈ తేడా ఉంటుంది. కట్ట పైన ఉన్న బండిలో మెయిన్ పట్టీకీ (కొసల్లో చెవులున్న అన్నిటికన్నా పొడవైన పట్టీ) యాక్సిల్‌కూ మధ్యలోనే మిగతా పట్టీలన్నీ ఉంటాయి కాబట్టి, 8 మిల్లీమీటర్ల పట్టీ తీస్తే ఆ మందం నేరుగా దిగుతుంది, కట్ట మెత్తబడి దిగేది అదనం. కట్ట కింద ఉన్న బండిలో మెత్తబడి దిగేది మాత్రమే ఉంటుంది.

షాకిల్ విషయం కూడా ఇంతే. చాసిస్ నుంచి కిందికి వేలాడే షాకిల్‌ను రెండు అంగుళాలు పొట్టి చేస్తే, యాక్సిల్ దగ్గర బండి దాదాపు ఒక అంగుళం దిగుతుంది, ఎందుకంటే కట్టకు రెండో కొస కదలలేదు. ఎవరో పొడుగు చేయించిన షాకిళ్లు ఉంటే కంపెనీ కొలతవి వేయండి. అంతకన్నా పొట్టివి చేయించవద్దు. బరువు పడినప్పుడు కట్ట చదునై పొడవు పెరుగుతుంది, ఆ పొడవుకు షాకిల్ వెనక్కి ఊగాలి. మరీ పొట్టిదైతే ఊగడానికి చోటు లేక తిరగబడుతుంది.

విప్పడం

రెండు రోజుల ముందు నుంచే, కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టుల నట్ల మీద, షాకిల్ పిన్నుల మీద డీజిలో, తుప్పు వదిలించే నూనెనో పోస్తూ ఉండండి. కొత్త యూ బోల్టులు, కొత్త సెంటర్ బోల్టులు, బుష్షులు ముందే తెచ్చుకోండి. నెల్లూరు ఆటోనగర్‌లోనో ఒంగోలులోనో కొలత ఇస్తే యూ బోల్టులు వంచి ఇస్తారు. కడ్డీ మందం, రెండు కాళ్ల మధ్య లోపలి వెడల్పు, కాలి పొడవు ఈ మూడూ చెప్పాలి. ఒకసారి సాగి బిగిసిన పాత యూ బోల్టును మళ్లీ వాడవద్దు.

బండిని లేపేముందు ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. విల్లీస్ వంశానికి చెందిన చాలా జీపుల్లో హ్యాండ్‌బ్రేకు చక్రాలను పట్టదు. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే గేర్ల పెట్టె) వెనక ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుంటుంది. ఒక వెనక చక్రం గాలిలోకి లేవగానే డిఫరెన్షియల్ ఆ చక్రాన్ని తిరగనిస్తుంది, నేలమీదున్న రెండో చక్రం దొర్లిపోతుంది. హ్యాండ్‌బ్రేకు ఎంత గట్టిగా లాగి ఉన్నా బండి జాకీ మీద నుంచి జారుతుంది. షాఫ్టు విప్పితే అసలు బ్రేకే లేనట్టు. అందువల్ల ముందు చక్రాలు రెండింటికీ ముందూ వెనకా మంచి చెక్క అడ్డాలు వేశాకే జాకీ ముట్టుకోండి.

వెనక యాక్సిల్ కింద జాకీ పెట్టి లేపి, కమాను కట్ట ముందు కొసకు కాస్త ముందుగా చాసిస్ కింద రెండువైపులా స్టాండ్లు పెట్టండి. సిమెంటు ఇటుకలు వద్దు, బోలువి అసలే వద్దు. అవి ముందుగా చెప్పి పగలవు. చాసిస్ బరువు స్టాండ్ల మీద పడ్డాక జాకీని మెల్లగా దించుతూ, కట్టలో బిగువు పోయిన చోట ఆపండి. యాక్సిల్ ఇంకా జాకీ మీదే ఉండాలి. షాక్ అబ్జార్బర్ కింది కొస విప్పండి. బ్రేకు హోస్ పైపు మీద యాక్సిల్ బరువు వేలాడకుండా చూసుకోండి. ఒక్కసారికి ఒక్క పక్కే విప్పితే రెండో పక్క యాక్సిల్‌ను దాని చోట పట్టి ఉంచుతుంది. ఏది ఎలా ఉండేదో చూసుకోవడానికీ ఆ పక్కే ఆధారం.

కట్ట విప్పి చూడటం

సెంటర్ బోల్టు నట్టు విప్పగానే పట్టీలు విడిపోతాయి, అదీ జోరుగా. పట్టీలన్నీ ఒకే వంపులో ఉండవు. చిన్న పట్టీకి వంపు ఎక్కువ, దాన్ని బలవంతంగా కలిపి ఉంచేదే ఆ బోల్టు. అందుకని బోల్టుకు రెండువైపులా గట్టి సీ క్లాంపులు బిగించి, నట్టు తీసి, క్లాంపులను కొద్దికొద్దిగా వదలండి. మొహం ఆ వరసలో పెట్టుకోకండి. విప్పేముందే కట్ట పక్కన అడ్డంగా సున్నపు గీత గీస్తే వరస మారదు.

ప్రతి పట్టీనీ ఇనుప బ్రష్షుతో రుద్ది, కిరోసిన్ పూసి, కాసేపాగి పొడిగా తుడిచి, పైన సుద్దపొడి చల్లండి. చీలిక ఉంటే లోపల దాగిన కిరోసిన్ సుద్దలోకి పాకి సన్నని తడి గీత కనిపిస్తుంది. నడిమి రంధ్రం చుట్టూ, కింది పట్టీ కొస ఆనే చోటా ముఖ్యంగా చూడండి. గీత కనిపించిన పట్టీ మళ్లీ బండి ఎక్కకూడదు.

ఏ పట్టీ తీయాలి? మెయిన్ పట్టీనీ, దాని చెవిని చుట్టుకుని ఉండే రెండో పట్టీనీ ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోవద్దు. మెయిన్ పట్టీ విరిగితే యాక్సిల్‌ను పట్టి ఉంచేది ఆ రెండోదే. తర్వాత చేరినవాటినే తీయండి, అందులోనూ మందమైనవాటిని ముందు. పట్టీ గట్టిదనం దాని మందం ఘనంతో పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల పట్టీతో పోలిస్తే 8 మిల్లీమీటర్లది రెండింతలకు పైగా గట్టి. అంటే బరువుల కోసం వేసిన ఒక మందపాటి పట్టీ తీయడం, రెండు పలచని పట్టీలు తీసినదానికన్నా ఎక్కువ. రెండువైపులా సరిగ్గా ఒకే మందం, ఒకే పొడవు ఉన్నవే తీయాలి.

తీసిన పట్టీలను పాత ఇనుముకు వేయవద్దు. ఎడమది ఏదో, కుడిది ఏదో రాసి, గ్రీజు పూసి కట్టి ఉంచండి. ఎప్పుడైనా మళ్లీ అవసరమని కాదు, తర్వాత బండి కొనేవాడు అడుగుతాడు.

మిగిలిన పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు పలచగా రాసి, కట్టను కలిపి, కొత్త సెంటర్ బోల్టు బిగించండి. ఇంజన్ నూనె పూస్తే వారంలో దుమ్ము పట్టి గరుకు కాగితంలా తయారవుతుంది.

ఇంకా దిగాలంటే

బండిని నేలమీద దించి, కొంతదూరం నడిపి, అదే చప్టా మీద మళ్లీ కొలవండి. పట్టీలు సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది, విప్పిన గంటకే కొలిచి తీర్పు చెప్పవద్దు.

అప్పటికీ ఎత్తనిపిస్తే కట్ట వంపు తగ్గించాలి. ఇది ఇంట్లో అయ్యే పని కాదు, కమాను పనివాళ్ల దగ్గరికి పట్టుకెళ్లాలి. హైవే వెంట కావలిలోనూ గూడూరులోనూ లారీలకు ఈ పని చేసేవాళ్లు ఉంటారు. "కొద్దిగా మంట చూపిస్తే రెండు నిమిషాల్లో వంగుతుంది సార్" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. కమాను ఉక్కుకు ఆ బిరుసు కార్ఖానాలో వేడిచేసి, నూనెలో చల్లార్చి, మళ్లీ ఒక మితమైన వేడిలో ఉంచితే వచ్చింది. గ్యాసు మంటతో ఎర్రగా కాల్చితే ఆ చోట అది పోతుంది. మెత్తబడితే నెలలో కుంగిపోతుంది, నీళ్లు చల్లితే పెళుసెక్కి ఒకరోజు విరుగుతుంది. మంట లేకుండా, దిమ్మమీద పెట్టి సుత్తితో అంగుళం అంగుళం కొట్టుకుంటూ గాని, ప్రెస్సులో గాని వంపు సర్దే మేస్త్రినే వెతుక్కోండి. ప్రతి పట్టీ వంపూ తగ్గించాలి, అయినా చిన్న పట్టీకి పైదానికన్నా కాస్త ఎక్కువ వంపు మిగిలి ఉండాలి. లేకపోతే కొసలు విడిపోయి టకటకలాడతాయి. రెండు కట్టలనూ పక్కపక్కన నిలబెట్టి మేస్త్రి ముందే కొలుచుకోండి.

దిమ్మ పెట్టే దారి కట్ట కింద ఉన్న వెనక యాక్సిల్‌కు మాత్రమే. ఉక్కుదో, గట్టి అల్యూమినియందో ఒకే దిమ్మ ఉండాలి, ఎత్తు రెండు అంగుళాలు దాటకూడదు, సెంటర్ బోల్టు తల కూర్చునే గుంత, పైన యాక్సిల్‌లోకి దిగే మేకు రెండూ ఉండాలి. చెక్క దిమ్మ వద్దు. ఒకదానిమీద ఒకటి పేర్చడం వద్దు. ముందు యాక్సిల్‌కు అసలే వద్దు, అక్కడ బ్రేకు బలం, స్టీరింగు బలం రెండూ దిమ్మను మెలితిప్పుతాయి.

కట్ట పైన ఉన్న పికప్‌లో యాక్సిల్‌ను కట్టకు పైకి మార్చే పద్ధతి కూడా ఉంది. అమెరికాలో పాత పికప్‌లకు చేస్తారు. యాక్సిల్ హౌసింగ్‌కు కొత్త పీఠాలు వెల్డింగ్ చేసి, యాక్సిల్ తగలకుండా చాసిస్‌ను అర్ధచంద్రాకారంగా కోయాలి. పైన చెప్పిన చట్టం గుర్తుందిగా, దీన్ని వదిలేద్దాం.

ముందువైపు

ముందు కట్టల్లో కూడా పని ఇదే. కాకపోతే స్టీరింగు ఉంది కాబట్టి తొందర పనికిరాదు. ముందు దిగితే స్టీరింగు పెట్టె నుంచి చక్రానికి వెళ్లే డ్రాగ్ లింకు వాలు మారుతుంది. వాలు ఎక్కువైతే గుంతలో దిగిన ప్రతిసారీ స్టీరింగు దానంతటదే ఒక పక్కకు లాగుతుంది. వెనక ఎంత దించారో దానికన్నా ముందు కాస్త తక్కువే దించండి. పని పూర్తయ్యాక టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత), క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలే కోణం) రెండూ చూపించాలి. సాలిడ్ యాక్సిల్ బండిలో క్యాస్టర్ తేడా వస్తే, కట్టకూ యాక్సిల్‌కూ మధ్య ఏటవాలు పలక పెట్టి సరిచేస్తారు.

ముందు టార్షన్ బార్లు ఉంటే కమాను పనే లేదు. బార్ కొసన ఉన్న సర్దుబాటు బోల్టు మరలు ఎన్ని బయటికి కనిపిస్తున్నాయో గుర్తుపెట్టి, చక్రాలను గాలిలోకి లేపి, రెండువైపులా సమానంగా వదలండి. దించి, నడిపి, కొలిచి, మళ్లీ సర్దండి. చక్రాల వాలు దీనితో వెంటనే మారుతుంది, అలైన్‌మెంట్ చేయించకుండా హైవే ఎక్కితే టైరు లోపలి అంచు తొందరగా అరిగిపోతుంది.

బిగించేటప్పుడు

యూ బోల్టుల నాలుగు నట్లనూ ఐమూలగా, కొద్దికొద్దిగా, విడతలవారీగా బిగించండి. కట్ట చెవుల్లో రబ్బరు బుష్షుల గుండా పోయే బోల్టులను మాత్రం బండి తన బరువుతో చక్రాల మీద నిలబడ్డాకే చివరి బిగింపు బిగించాలి. యాక్సిల్ వేలాడుతుండగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది. అది కొన్ని నెలల్లో చిరుగుతుంది, ఎత్తు కొలత కూడా తప్పుగా వస్తుంది.

షాక్ అబ్జార్బర్ కడ్డీ లోపలికి పోవడానికి ఇంకా రెండు అంగుళాలైనా మిగలాలి. లేకపోతే పొట్టివి వెతుక్కోండి. బంప్ స్టాపర్లు తగులుతున్నాయని కోసేసేవాళ్లున్నారు. కోస్తే ఆ దెబ్బ చాసిస్‌కు తగులుతుంది.

కొన్ని పికప్‌లలో వెనక యాక్సిల్‌కూ చాసిస్‌కూ మధ్య చిన్న కడ్డీతో కలిపిన బ్రేకు వాల్వు ఉంటుంది. బండి కుంగితే బరువు పడిందనుకుని వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. మీరు దించిన ఖాళీ బండిని కూడా అది నిండు బండి అనే అనుకుంటుంది. తడి రోడ్డు మీద వెనక చక్రాలు పట్టేసి బండి అడ్డం తిరగవచ్చు. ఆ కడ్డీని కొత్త ఎత్తుకు సర్దించండి. పాత జీపుల్లో ఈ వాల్వు ఉండదు.

నడిపి చూడటం

మొదట స్టీరింగు పూర్తిగా రెండువైపులా తిప్పి, టైరు ఎక్కడా రాసుకోవడం లేదని చూడండి. తర్వాత తొట్టిలో 25 కిలోల బియ్యం బస్తాలు నాలుగైదు వేసుకుని ఊరి రోడ్డు మీద తిప్పండి. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. ఒకప్పుడు ఈ బండి పుట్టి వడ్లు మోసిందని ఎవరైనా గుర్తుచేస్తే నవ్వి ఊరుకోండి, ఆ బరువు మోసిన పట్టీలు ఇప్పుడు మీ కొట్టులో ఉన్నాయి.

సాలిడ్ యాక్సిల్ బండిలో డిఫరెన్షియల్ నేలకు ఎంత ఎత్తులో ఉందనేది కట్టలు మార్చినా మారదు, టైరును బట్టే ఉంటుంది. దగ్గరయ్యేవి చాసిస్, సైలెన్సర్, ట్రాన్స్‌ఫర్ కేసు కింది పలక. గ్రానైట్ లారీలు తిరిగి రెండు గాడులు పడి నడిమధ్య దిబ్బ లేచిన రోడ్ల మీద ముందుగా తగిలేవి అవే. సైలెన్సర్ పట్టీలు పైకి సర్ది కట్టించుకోండి. నవంబరు వానల్లో నీళ్లు నిలిచిన చోట ఇంతకుముందు దిగినంత ధైర్యంగా దిగవద్దు.

50, 60 కిలోమీటర్ల వేగంలో కింద వణుకు వస్తే ముందే రాసుకున్న డిఫరెన్షియల్ కోణంతో ఇప్పటిది పోల్చండి. తేడా ఉంటే ఏటవాలు పలకతో సరిచేయించాలి. రాత్రిపూట గోడకెదురుగా నిలిపి హెడ్‌లైట్లు కూడా సర్దండి. వెనక భాగమే ఎక్కువ దిగి ఉంటే వెలుతురు ఎదుటివాళ్ల కళ్లలోకి పోతుంది.

వంద కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించండి. కొత్తవి తప్పకుండా కొంత వదులవుతాయి. 500 కిలోమీటర్ల దగ్గర ఇంకోసారి బిగించి, నాలుగు మూలల కొలతలూ అదే చప్టా మీద తీసి, తేదీతో సహా ఆర్‌సీ కవరులో పెట్టుకోండి.